మీ రీల్స్ పనిచేస్తున్నాయా? ఆదివారం అరగంటలో లెక్క తేల్చుకోవడం ఎలా

"అన్నా, మొన్న పెట్టిన వీడియోకి ఇరవై వేల వ్యూస్ వచ్చాయి. మంచిదేనా?"

నెల్లూరు, ఒంగోలు వైపు చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు నన్ను వారానికి నాలుగైదుసార్లు అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది కూడా ప్రతిసారీ ఒకటే: "ఆ వీడియో చూసి ఫోన్లు ఎన్ని వచ్చాయి?" అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత "అదేం రాసుకోలేదన్నా" అంటారు.

గల్లా పెట్టెలో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని వెతికే మనిషి, రోజుకి రెండు గంటలు పెట్టి చేసే రీల్స్ విషయంలో ఒక్క అంకె కూడా రాసుకోడు. అందుకే ఈసారి మొదటి నుంచి చివరిదాకా రాసేస్తున్నాను. ఇది కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం. ఇంట్లో పచ్చళ్లు పెట్టి కొరియర్ చేసే అక్కలు, కర్రీ పాయింట్ వాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, ట్యూషన్ చెప్పే మాస్టార్లు, ఊరి కబుర్లతో యూట్యూబ్ చానెల్ నడిపే కుర్రాళ్లు. నెలకి లక్షలు యాడ్స్ మీద పెట్టేవాళ్లకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

కావలసినవి

ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్ను. గూగుల్ షీట్ వాడటం వస్తే అదీ సరే. కానీ షీట్‌కి రంగులు వేయడంలోనే మొదటి ఆదివారం అయిపోయిన వాళ్లని చూశాను, నోటుబుక్కే మేలు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్. యూట్యూబ్ అయితే యూట్యూబ్ స్టూడియో యాప్. ఫేస్‌బుక్ పేజీ ఉంటే మెటా బిజినెస్ సూట్. మూడూ ఉచితమే.

వాట్సాప్ బిజినెస్ యాప్. ఇది కూడా ఉచితమే.

వారానికి అరగంట. మరీ ముఖ్యంగా, ఎనిమిది వారాల ఓపిక.

డబ్బులు కట్టి కొనే అనలిటిక్స్ యాప్ అక్కర్లేదు. "30 రోజుల్లో 10 వేల ఫాలోవర్లు" అనే కోర్సు అసలే వద్దు.

1. ఏం కావాలో ఒక్క ముక్కలో రాయండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఒకే వాక్యం రాయాలి. "నెలకి 20 కిలోల రొయ్యల పచ్చడి ఆర్డర్లు రావాలి." "కందుకూరులో పదో తరగతి ట్యూషన్‌కి జూన్‌లోపు 15 మంది పిల్లలు చేరాలి."

"పేరు రావాలి", "పేజీ పెరగాలి" అని రాయకండి. పేరు వచ్చిందో లేదో కొలిచే తక్కెడ మన దగ్గర లేదు. రాసిన వాక్యంలో ఒక అంకె, ఒక గడువు లేకపోతే కొట్టేసి మళ్లీ రాయండి. అమ్మకం లేని చానెల్ అయితే "వీడియోకి కనీసం పది మంది ప్రశ్నలు అడగాలి" అని పెట్టుకోవచ్చు. అదీ లెక్కపెట్టగలిగేదే కదా.

2. అకౌంట్ మార్చుకోండి, కానీ రెండు జాగ్రత్తలు

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కి మారితేనే ఇన్‌సైట్స్ (ఒక్కో పోస్టు ఎంతమందికి చేరింది, వాళ్లేం చేశారు అనే లెక్కలు) కనిపిస్తాయి. మారకముందు పెట్టిన పోస్టులకి ఈ వివరాలు రావు. కాబట్టి ఈ పని ఈ రోజే చేసేయండి.

మొదటి జాగ్రత్త: "బిజినెస్" ఎంచుకుంటే సినిమా పాటలు చాలావరకు దొరకవు. వ్యాపారానికి వాడుకోవడానికి అనుమతి ఉన్న సంగీతమే చూపిస్తుంది. "క్రియేటర్" ఎంచుకుంటే పాటలు ఎక్కువ ఉంటాయి. దుకాణం ఉన్నవాళ్లకి నేను బిజినెస్సే చెబుతాను. కూర ఉడికే చప్పుడు, మీ గొంతు చాలు, పాటతో పనిలేదు.

రెండో జాగ్రత్త: ప్రొఫైల్ మీద ఫోన్ నంబరు కనిపించేలా పెట్టమని అడుగుతుంది. ఇంటి నంబరు పెట్టకండి. ముఖ్యంగా ఒంటరిగా వ్యాపారం చేసే ఆడవాళ్లు వాట్సాప్ బిజినెస్ కోసం విడిగా ఒక సిమ్ తీసుకోండి. అలా చేస్తే ఆ నంబరుకి వచ్చిన ప్రతి ఫోనూ వ్యాపారం ఫోనే అవుతుంది, లెక్క కూడా తేలిక.

3. గళ్లు గీయండి

ఒక్కో పోస్టుకి ఒక్కో వరస. గళ్లు ఇవి: తేదీ, దేని గురించి (రెండు మాటల్లో), రీచ్ (ఎన్ని అకౌంట్లకి చేరిందో), సేవ్, షేర్, మెసేజీలు, ఆర్డర్లు. అంతే, ఏడు. వ్యూస్‌కి గడి ఎందుకు లేదని అడుగుతారని తెలుసు. కావాలంటే పేజీ అంచున చిన్నగా రాసుకోండి.

లైకులు కూడా వదిలేశాను. మన వైపు లైకు అనేది పెళ్లిలో చదివింపుల లాంటిది, మొహమాటానికి కొడతారు. మీ పిన్ని కొడుకు మీ ప్రతి రీల్‌కీ లైకు కొడతాడు, పచ్చడి మాత్రం వాళ్లమ్మే పెడుతుంది.

4. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. మిగతా అంకెలన్నీ యాప్ ఇస్తుంది. ఈ ఒక్కటి మాత్రం మీరు నోరు తెరిచి అడిగితేనే వస్తుంది.

"మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడగండి. జవాబుని ఒక్క అక్షరంలో రాసుకోండి. ఇన్‌స్టా అయితే ఇ, యూట్యూబ్ అయితే యూ, వాట్సాప్ స్టేటస్ అయితే వా, గూగుల్ మ్యాప్స్ అయితే గూ, ఎవరో చెబితే మా (మాట విని వచ్చారని), దారిన పోతూ బోర్డు చూసి ఆగితే దా. గల్లా పక్కన ఒక అట్ట ముక్క తగిలించి గీతలు గీసినా చాలు.

మన జనం చాలాసార్లు "ఫోన్లో చూశామండీ" అంటారు. అక్కడ ఆగకండి. "ఏ వీడియో అమ్మా, ఏం చూపించాం అందులో?" అని ఇంకో ప్రశ్న వేయండి. "అదే, చేపలు కడుగుతుంటారే, అది" అంటే మీకు కావలసింది దొరికినట్టే.

అడగటం మొహమాటంగా ఉంటే రెండు దారులున్నాయి.

ఒకటి, మాట పెట్టడం. ఒక్కో రీల్ చివర ఒక్కో మాట చెప్పండి: "ఆర్డర్ కావాలంటే వాట్సాప్‌లో 'రొయ్యలు' అని పంపండి." వచ్చే వారం రీల్‌లో 'గోంగూర', ఆ పై వారం 'చింతచిగురు'. ఎవరు ఏ మాట పంపితే ఆ రీల్ ఖాతాలో ఒక గీత. కర్రీ పాయింట్ వాళ్లయితే "కౌంటర్ దగ్గర 'మామిడికాయ పులుసు' అని చెబితే ఒక అప్పడం మా తరఫున" అనొచ్చు. అప్పడం దగ్గరే ఆగండి. యాభై రూపాయల తగ్గింపు అన్నారంటే వారంలో వీధంతా ఆ మాట తెలిసిపోతుంది. రీల్ చూడనివాళ్లు కూడా అదే మాట చెప్తారు. లెక్క చెడుతుంది, డబ్బులూ పోతాయి.

రెండోది, వాట్సాప్ బిజినెస్‌లో బిజినెస్ టూల్స్ కింద షార్ట్ లింక్ ఉంటుంది. దానికి ముందే ఒక మెసేజీ రాసి పెట్టొచ్చు. "ఇన్‌స్టాలో చూశాను, వివరాలు కావాలి" అని రాసి ఆ లింకుని ఇన్‌స్టా బయోలో మాత్రమే పెట్టండి. నొక్కినవాళ్లకి ఆ వాక్యం సిద్ధంగా ఉంటుంది, పంపడమే. అదే లింకు విజిటింగ్ కార్డు మీద కూడా వేశారంటే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో మళ్లీ తెలియదు.

వచ్చిన మెసేజీలకి లేబుల్స్ వేసుకోండి. కొత్త కస్టమర్, డబ్బులు రావాలి, డబ్బులు వచ్చాయి అని యాప్‌లోనే ఉంటాయి. ఆదివారం ఆ లేబుల్స్ లెక్కపెడితే చాలు, వందల చాట్లు పైకీ కిందకీ జరపక్కర్లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మీరున్న రోజు అడుగుతారు, మీ వారో మీ అబ్బాయో గల్లా దగ్గర కూర్చున్న రోజు అడగరు. నోటుబుక్కులో ఆ రోజు సున్నా పడుతుంది. నిజంగా ఎవరూ రాలేదో, వచ్చినా అడగలేదో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అడగని రోజుకి సున్నా వేయకండి, అడ్డగీత కొట్టండి.

5. ఏడో రోజు అంకెలు ఎక్కించండి

పోస్టు పెట్టిన గంటకే చూసి "పోయింది" అనుకుని డిలీట్ చేసేవాళ్లు చాలామంది. కొన్ని రీల్స్ మూడో రోజు లేస్తాయి. అన్ని పోస్టులకీ ఒకే వయసు ఉన్నప్పుడు చూస్తేనే పోలిక నిలుస్తుంది. ఏడు రోజులు నిండాక ఎక్కించండి. డిలీట్ మాత్రం చేయకండి, దాంతో పాటు దాని లెక్కా పోతుంది.

ఏ అంకె ఏం చెబుతుందో క్లుప్తంగా:

వ్యూస్ అంటే వీడియో ఎన్నిసార్లు మొదలైందో చెప్పే అంకె. ఒకే మనిషి నాలుగుసార్లు చూస్తే నాలుగు. 2024లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కీ ఫోటోలకీ స్టోరీలకీ ఈ వ్యూస్ అంకెనే ముందు పెట్టింది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు. అప్పటి నుంచి అంకె పెరిగిందంటే మీ వీడియో బాగుపడిందని అర్థం కాదు. నిజంగా ఆగి చూసినవాళ్ల లెక్క కావాలంటే స్టూడియోలో "ఎంగేజ్డ్ వ్యూస్" చూడండి.

రీచ్ అంటే ఎన్ని అకౌంట్లకి చేరిందో. ఒక అకౌంట్ ఎన్నిసార్లు చూసినా ఒకటే. అందుకే గడి దీనికి ఇచ్చాను.

సేవ్ అంటే "తర్వాత పనికొస్తుంది" అనుకున్నారని. షేర్ అంటే ఇంకొకరికి పంపారని. చూసిన సమయం, లైకులు, ఇతరులకి పంపడం ఈ మూడే తమ దగ్గర బాగా లెక్కలోకి వస్తాయనీ, కొత్తవాళ్లకి చేరాలంటే పంపడానికి బరువు ఎక్కువనీ ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. "ఇది చూడవే, పండక్కి తెప్పిద్దామా" అని అక్క చెల్లికి పంపితే, అది మీకు రెండు రకాలుగా లాభం.

సగటున ఎన్ని సెకన్లు చూశారో రీల్ ఇన్‌సైట్స్‌లో ఉంటుంది. 30 సెకన్ల రీల్‌ని సగటున 9 సెకన్లు చూశారంటే మొదట్లోనే జారిపోతున్నారన్నమాట. మన వైపు రీల్స్‌కి ఉన్న పెద్ద రోగం ఇదే. "హాయ్ ఫ్రెండ్స్, ఎట్టుండారు, అందరూ బాగుండారా, ఈరోజు మనం..." అంటూ పది సెకన్లు పోతాయి. ఉడుకుతున్న పులుసుతో మొదలుపెట్టండి, పలకరింపు తర్వాత చేసుకోవచ్చు.

ఎక్కువమంది ఏ ఊళ్లవాళ్లో చెప్పే టాప్ లొకేషన్స్ కూడా ఒకసారి తెరిచి చూడండి. ఫాలోవర్లు మరీ తక్కువగా ఉంటే ఇది కనిపించకపోవచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలు పార్సిల్ పంపేవాళ్లకి హైదరాబాద్, బెంగళూరు పైన కనిపిస్తే సంతోషమే. కావలిలో టిఫిన్ బండికి అదే లిస్టు వస్తే లాభం లేదు. కారం దోశ కోసం హైదరాబాద్ నుంచి పొద్దున్నే ఎవరూ రారు.

దుకాణం ఉన్నవాళ్లు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పెర్ఫార్మెన్స్ కూడా చూడండి. ఎంతమంది ఫోన్ బటన్ నొక్కారో, ఎంతమంది దారి అడిగారో ఉంటుంది. ఇన్‌స్టాలో పేరు చూసి మ్యాప్స్‌లో వెతుక్కుని వచ్చేవాళ్లు చాలామంది.

యూట్యూబ్ వాళ్లకి ఒక చిన్న చిక్కు. స్టూడియోలో రోజు అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం మారుతుంది. మనకి మధ్యాహ్నం ఒకటిన్నర, వాళ్ల వేసవిలో పన్నెండున్నర. ఆదివారం పొద్దున పెట్టిన వీడియో వాళ్ల లెక్కలో శనివారంలో పడుతుంది. రోజువారీ అంకెలు చూసి టెన్షన్ పడకుండా వారం మొత్తం చూడండి.

6. వెయ్యికి ఎంత?

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి ఇక్కడ. పచ్చళ్లు అమ్మే ఒక అక్క పేజీ కొన్నాళ్లు నేను చూసుకున్నాను. మైపాడు బీచ్‌లో సూర్యోదయం, వల లాగుతున్న జాలర్లు, అప్పట్లో అందరూ వాడుతున్న పాట, చివరి రెండు సెకన్లలో రొయ్యల పచ్చడి సీసా. ఆ రీల్‌కి 48,000 వ్యూస్, 31,000 రీచ్. నేను తెగ సంబరపడి స్క్రీన్‌షాట్లు అందరికీ పంపుకున్నాను. అదే నెలలో ఆమె నాకు చెప్పకుండా ఒక రీల్ పెట్టింది. వంటింట్లో ఫోను చెంబుకి ఆనించి, పచ్చడి కలుపుతూ, కిలో ఎంత, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, ఆర్టీసీ కార్గోలో ఎక్కడిదాకా పంపగలదు అని మామూలుగా చెప్పుకుంటూ పోయింది. 900 వ్యూస్, 700 రీచ్.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. సేవ్, షేర్ కలిపి, రీచ్‌తో భాగించి, వెయ్యితో గుణించండి.

బీచ్ రీల్: సేవ్ 93, షేర్ 62, మొత్తం 155. 155ని 31,000తో భాగించి వెయ్యితో గుణిస్తే 5. మెసేజీలు 3, ఆర్డర్లు 0.

వంటింటి రీల్: సేవ్ 17, షేర్ 11, మొత్తం 28. 28ని 700తో భాగించి వెయ్యితో గుణిస్తే 40. మెసేజీలు 14, ఆర్డర్లు 6.

వెయ్యి మందిలో ఐదుగురు ఎక్కడ, నలభై మంది ఎక్కడ! "నీ సముద్రం బాగుంది తమ్ముడూ, నా పచ్చడే కనపళ్లా" అంది ఆవిడ. బీచ్ చూసినవాళ్లు బీచ్‌కి వెళ్లాలనుకున్నారు, అందులో వాళ్ల తప్పేముంది?

ఈ 'వెయ్యికి ఎంత' లెక్కకి మంచి మార్కు ఇంత అని ఎవరూ చెప్పలేరు. మీ పాత పోస్టులతోనే పోల్చుకోవాలి. రీచ్ రెండు వందల లోపు ఉంటే ఈ లెక్క వేయకండి. ఇద్దరు బంధువులు సేవ్ చేసినా అంకె ఎగిరిపోతుంది.

యూట్యూబ్ పెద్ద వీడియోలకి ఇలాంటిదే ఒకటి స్టూడియో తనే లెక్కేసి ఇస్తుంది: తంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) చూసినవాళ్లలో ఎంత శాతం నొక్కారో. సగం చానెళ్లకీ వీడియోలకీ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. మీది 3 ఉందని దిగులుపడకండి. ఇది బాగుండి, చూసిన సమయం మాత్రం తక్కువగా ఉంటే, తంబ్‌నెయిల్‌లో చెప్పింది లోపల లేదన్నమాట.

7. సగటు చూడకండి, మధ్య అంకె చూడండి

ఆ అక్క పేజీలో ఆ నెల పది రీల్స్ వ్యూస్ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పెడితే: 310, 340, 380, 420, 450, 510, 560, 620, 900, 48,000. సగటు 5,249 వస్తుంది. ఆ పదింటిలో ఒక్కటి కూడా ఐదు వేల దరిదాపుల్లో లేదు చూడండి! మధ్యలో ఉన్న 450, 510 తీసుకుని వాటి నడిమి అంకె రాయండి: 480. ఆ పేజీ అసలు స్థాయి అది. వచ్చే నెల ఇది 600 అయితే ఎదిగినట్టు. సగటు పట్టుకుంటే, వచ్చే నెల బీచ్ రీల్ లాంటిది లేకపోయేసరికి "పేజీ చచ్చిపోయింది" అని ఏడుస్తారు.

రీచ్‌కీ ఇదే పద్ధతి, వెయ్యికి ఎంత అన్నదానికీ ఇదే.

8. ఒకసారి ఒక్కటే మార్చండి

నాలుగు పోస్టులు పాత పద్ధతిలో, నాలుగు కొత్త పద్ధతిలో పెట్టి మధ్య అంకెలు పోల్చండి. పెట్టే టైము మార్చితే మిగతావి అలాగే ఉంచండి. మొదటి మూడు సెకన్లు మార్చితే టైము ముట్టుకోకండి. కొత్త కెమెరా, కొత్త యాస, కొత్త టైము, కొత్త పాట అన్నీ ఒకేసారి మార్చి, అంకె పెరిగాక "కెమెరా వల్లే" అనేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. దుకాణం వాడు మాత్రం ఇంకో లెన్స్ అమ్ముతాడు.

నాలుగేసి పోస్టులతో పక్కాగా తేలదన్నది నిజమే. తేడా రెట్టింపు ఉంటే నమ్మండి. 480 కాస్తా 530 అయితే ఇంకో నాలుగు పెట్టి చూడండి.

9. కాలం లెక్క కలపండి

ఇది ఏ యాప్ చెప్పదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవలకి వేట నిషేధం. సముద్రపు చేప అమ్మేవాళ్లు మే నెల ఆర్డర్లని మార్చితో పోల్చి రీల్స్ బాగాలేవు అనుకుంటే ఎట్టా? సరుకే లేదు కదా. అదే రోజుల్లో ఆవకాయ వాళ్లకి ఏ చెత్త రీల్ పెట్టినా ఆర్డర్లు వస్తాయి. అది రీల్ గొప్పకాదు, మామిడికాయ గొప్ప.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ రోజుల్లో పక్క రాష్ట్రాల వాళ్లు కూడా వస్తారు. ఊళ్లో హోటళ్ల వాళ్లకి మ్యాప్స్ అంకెలు ఎగురుతాయి. పండుగ మొహర్రంతో వస్తుంది కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. పోయినేడు జులైతో ఈ ఏడు జులైని పోల్చకండి, పండుగ వారాన్ని పండుగ వారంతో పోల్చండి.

సంక్రాంతికి ఇంకో తమాషా ఉంది. బెంగళూరులో కూర్చుని నవంబరులో మీ రీల్ సేవ్ చేసుకున్నవాళ్లు జనవరిలో ఊరికొచ్చినప్పుడు దుకాణానికి వస్తారు. "ఎప్పుడో చూశామండీ" అంటారు. వాళ్లనీ 'ఇ' ఖాతాలోనే రాయండి. సేవ్ గడిని నేను వదలమని చెప్పకపోవడానికి ఇదే కారణం.

లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

నెలాఖరున నోటుబుక్కులో ఆర్డర్ల మొత్తాన్ని ఫోన్‌పే, గల్లా లెక్కతో సరిచూడండి. నోటుబుక్కులో 22, డబ్బులు వచ్చినవి 35 అయితే పదమూడు మందిని మీరు అడగలేదు. సగానికి సగం అడగకపోతే ఆ నెలని పోలికల్లోకి తీసుకోకండి.

డబ్బు పెట్టి బూస్ట్ చేసిన పోస్టుల పక్కన 'డ' అని రాసి వేరే పేజీలో ఉంచండి. కొన్న రీచ్‌నీ ఊరికే వచ్చిన రీచ్‌నీ కలిపితే ఏదీ తెలియదు. ఫాలోవర్లని కొనే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. వాళ్లు చూడరు, పంపరు, కొనరు. ఫాలోవర్ల అంకె పెరుగుతుంది, వాళ్లలో చూసేవాళ్ల శాతం పడిపోతుంది.

కామెంట్లు చదివేటప్పుడు "సూపర్", "నైస్" వదిలేసి ప్రశ్నలు మాత్రమే లెక్కపెట్టండి. "ధర ఎంత", "ఒంగోలుకి పంపుతారా", "కారం తగ్గించి చేస్తారా". ఇరవై మంది ధర అడిగారంటే జనానికి ఇష్టం ఉందని ఒక అర్థం, మీరు ధర చెప్పడం మర్చిపోయారని ఇంకో అర్థం.

వాట్సాప్ స్టేటస్ చూసినవాళ్ల లిస్టు పూర్తిగా నమ్మకండి. రీడ్ రిసీట్స్ (నీలం టిక్కులు) ఆపుకున్నవాళ్లు చూసినా అందులో కనిపించరు.

ఇంకొకటి. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం వచ్చినప్పుడు లక్షల ఫాలోవర్లు ఉన్నవాళ్లు ఒక్క రాత్రిలో ఖాళీ చేతులతో మిగిలారు. అందుకని నోటుబుక్కు చివరి పేజీలో ఇంకో అంకె రాసుకోండి: ఈ నెల "కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్పండి" అని తమంతట తామే నంబరు ఇచ్చినవాళ్లు ఎంతమంది. అడగకుండా ఎవర్నీ గ్రూపుల్లో చేర్చకండి, బ్లాక్ చేస్తారు.

ఎనిమిది వారాలయ్యాక ఏం చేయాలి?

వరసలన్నీ చూసి ఆర్డర్లు తెచ్చిన మూడు పోస్టుల చుట్టూ గుండ్రంగా గీయండి. వాటిలో ఉమ్మడిగా ఏముందో చూడండి. ధర చెప్పారా, మీ ముఖం కనిపించిందా, చేసే పద్ధతి చూపించారా? వచ్చే నెల సగం పోస్టులు ఆ రకంవే పెట్టండి. మెసేజీలు బాగా వచ్చి ఆర్డర్లు రాకపోతే రీల్‌ని తిట్టకండి. ధరో, కొరియర్ ఖర్చో, మీరు ఆరు గంటల తర్వాత జవాబివ్వడమో కారణం అయ్యుంటుంది. సేవ్‌లు, షేర్లు ఉండి మెసేజీలే లేకపోతే ఎలా కొనాలో మీరు చెప్పలేదు. అసలు రీచే లేకపోతే మొదటి మూడు సెకన్లు చూసుకోండి. ఎనిమిది వారాలకి ఒక్క ఆర్డరూ, ఒక్క ప్రశ్నా లేకపోతే ఆ యాప్ పక్కన పెట్టి ఇంకోటి చూడండి. కొందరు పెద్దవాళ్ల వ్యాపారాలకి ఇన్‌స్టా కన్నా వాట్సాప్ స్టేటసే నయం.

"ఫాలోవర్లు ఎంతమంది ఉంటే చాలు?" అని ఎలాగూ అడుగుతారు. ఒంగోలులో మగ్గం వర్క్ చేసే ఒకామెకి ఆరు వందల పైచిలుకు ఉన్నారు. ఆమె నోటుబుక్కు తిరగేస్తే ఆషాఢంలో పెట్టిన రీల్స్‌కే శ్రావణం బ్లౌజులు నిండిపోతున్నాయని తేలింది. శ్రావణంలో పెట్టినవి చూసి వచ్చేవాళ్లకి "ఖాళీ లేదమ్మా" అని చెప్పడానికే సరిపోతోంది. ఇప్పుడామె ఆషాఢంలో వారానికి మూడు పెడుతుంది. శ్రావణం వచ్చిందంటే ఫోను పక్కన పడేసి సూది పట్టుకుంటుంది.